దిగంతం అవతలి దాగుడుమూతలు

ఫలానా దేశానికి ఇన్ని యుద్ధనౌకలు, ఫలానా దేశానికి ఇన్ని జలాంతర్గాములు అని పక్కపక్కన పేర్చి చూపే పట్టికలకు కొదవ లేదు. వాటిని చూసి యుద్ధం వస్తే ఎవరు గెలుస్తారో తేల్చేసేవారూ తక్కువేమీ కాదు. నాకు ఆ పట్టికల మీద పెద్ద నమ్మకం లేదు. అంకెలు తప్పని కాదు, సముద్రం మీద పోరు ఎలా నడుస్తుందో ఆ అంకెలు చెప్పవు.

నౌకాదళంలోని ప్రతి వస్తువూ, లక్ష టన్నుల విమాన వాహక నౌక నుంచి నీళ్లలోకి జారవిడిచే చిన్న మైక్రోఫోన్ గొట్టం దాకా, ఒకే చిక్కుప్రశ్నకు జవాబుగా పుట్టింది. శత్రువు మనల్ని కనిపెట్టేలోపే మనం అతన్ని కనిపెట్టడం ఎలా? నీటి పైన ఈ చూపుకు అడ్డు భూమి గుండ్రదనం. నీటి కింద అడ్డు నీరే. ఈ రెండూ మనసుకు పడితే ఏ నౌకను ఎందుకు కట్టారో, దేని పక్కన ఏది ఎందుకు నడుస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు నీటి పైన సంగతి. తీరాన నిలబడి చూస్తే నీరూ ఆకాశమూ కలిసే గీత ఎంతో దూరాన ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. అంతకు మించి వెళ్లిన ఓడలో మొదట దిగువ భాగం, చివరికి స్తంభం కొస మరుగవుతాయి. రాడార్‌దీ ఇదే అవస్థ. దాని తరంగాలు గాలిలో కొద్దిగా కిందికి వంగుతాయి కాబట్టి కంటి కన్నా కాస్త ఎక్కువ దూరం అందుతుంది, అంతే. నౌక స్తంభం మీద 25 మీటర్ల ఎత్తున రాడార్ పెట్టారనుకుందాం. నీటి ఉపరితలం మీద దాని చూపు 20 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అలలను రాసుకుంటున్నట్టుగా ఐదు మీటర్ల ఎత్తులో దూసుకొచ్చే క్షిపణి అయితే సుమారు 30 కిలోమీటర్ల దూరాన మొదటిసారి కనబడుతుంది. రాడార్ ఎంత శక్తిమంతమైనదన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. మధ్యలో అడ్డున్నది భూమి.

ధ్వనికి కొంచెం తక్కువ వేగంతో, సెకనుకు 300 మీటర్ల చొప్పున వచ్చే క్షిపణికి ఆ 30 కిలోమీటర్లు 100 సెకన్ల పని. ధ్వని కన్నా రెండున్నర రెట్లు మించిన వేగంతో వచ్చే బ్రహ్మోస్ లాంటిదానికి అర నిమిషం చాలు. ఆ కాస్త వ్యవధిలో తెర మీద చుక్కను ఎవరో గమనించాలి. అది పక్షుల గుంపో, అల మీది నురగో కాదని తేల్చుకోవాలి. పై అధికారికి చెప్పాలి. ఆయన నమ్మాలి. ఆయుధం అటు తిరగాలి, పేలాలి. వీటిలో 'ఆయన నమ్మాలి' అన్న మెట్టు చూడటానికి చిన్నదే, కానీ అక్కడ తడబడి నౌకలు మునిగిన సందర్భాలున్నాయి.

దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా పోరాడుతున్నప్పుడు, 1982 మే 4న జరిగింది ఇదే. అర్జెంటీనాకు చెందిన రెండు సూపర్ ఎతాందార్ విమానాలు నీటిని అంటుకున్నంత తక్కువ ఎత్తులో వచ్చి, ఒక్క క్షణం పైకి లేచి, రాడార్‌తో చూసుకుని, రెండు ఎగ్జోసెట్ క్షిపణులు వదిలి వెనుదిరిగాయి. బ్రిటిష్ నౌక గ్లాస్గో ఆ విమానాల రాడార్ జాడను పసిగట్టి హెచ్చరించింది. అప్పటికే అలాంటి తప్పుడు హెచ్చరికలు విని విని విసిగి ఉన్నారేమో, బ్రిటిష్ విమాన వాహక నౌకలోని వారు దీన్ని కూడా వాటిలో జమ కట్టారు. సమీపంలోనే ఉన్న షెఫీల్డ్ అనే డిస్ట్రాయర్ సరిగ్గా అప్పుడే ఉపగ్రహం ద్వారా సందేశం పంపుతోంది. ఆ ప్రసారం వల్ల శత్రు రాడార్‌ను పసిగట్టే దాని సొంత పరికరం చెవుడు పట్టినట్టయింది. ఒక క్షిపణి దాని పక్కటెముకల్లోకి దూరింది. 20 మంది చనిపోయారు. మంటలు ఆర్పే నీటి గొట్టాల వ్యవస్థ కూడా దెబ్బతినడంతో నౌక కాలుతూనే ఉండిపోయింది. మే 10న దాన్ని లాక్కెళ్తుండగా మునిగింది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది మరో సంగతి. షెఫీల్డ్‌ను అంత ముందుకు పంపి నిలబెట్టిందే దూరం నుంచి వచ్చే ముప్పును కనిపెట్టడానికి. కాపలాకు పెట్టిన కన్నే ముందుగా పోయింది. ఎందుకంటే రాడార్‌ను గాలిలోకి ఎగరేసి చూసే విమానాలను బ్రిటిష్ నౌకాదళం అంతకు కొన్నేళ్ల ముందే వదులుకుంది. వాటిని మోసే పెద్ద వాహక నౌక విశ్రాంతి తీసుకోగానే అవీ పోయాయి. షెఫీల్డ్ మునిగాక హడావుడిగా హెలికాప్టర్ పక్కన గాలి నింపిన బుర్రలాంటి తొడుగులో రాడార్ అమర్చారు. అది అక్కడికి చేరేసరికి యుద్ధం అయిపోయింది.

ఇప్పుడు విమాన వాహక నౌక దగ్గరకు వద్దాం. బాంబులు వేసే విమానాలను మోసుకెళ్లే ఓడ అని అందరికీ తెలుసు. దాని అసలు విలువ మాత్రం కంటిని పైకి ఎత్తగలగడంలో ఉందని నా అభిప్రాయం. 9,000 మీటర్ల ఎత్తున ఎగిరే రాడార్ దిగంతం 390 కిలోమీటర్ల దాకా జరుగుతుంది. ఓడ స్తంభం మీది 20 కిలోమీటర్లతో పోల్చి చూడండి. అమెరికా వాహక నౌకల మీద వీపున పెద్ద పళ్లెం మోస్తూ తిరిగే హాకై విమానం చేసే పని ఇదే. అలలను రాసుకుంటూ క్షిపణి వస్తోందని నౌకకు 100 సెకన్ల ముందు కాదు, పావుగంటకు పైగా ముందే తెలిసిపోతుంది.

అయితే హాకై బరువైన, రెక్కల పంకాలతో నడిచే విమానం. దాన్ని వంద మీటర్ల లోపే గాలిలోకి విసరాలంటే డెక్ మీద కాటపుల్ట్ కావాలి. ఆవిరితోనో, కొత్త ఫోర్డ్ తరగతి నౌకల్లోలా విద్యుదయస్కాంత బలంతోనో విమానాన్ని రెండు మూడు సెకన్లలో గంటకు 250 కిలోమీటర్ల వేగానికి ఈడ్చే యంత్రమది. కాటపుల్ట్ లేని నౌకలు డెక్ కొసను పైకి వంచి ర్యాంపు కడతాయి. భారత్ 2022లో సేవలోకి తెచ్చిన విక్రాంత్ అలాంటిదే. ర్యాంపు చౌక, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. కానీ యుద్ధవిమానం ఇంధనమో ఆయుధాలో కాస్త తగ్గించుకుని ఎగరాలి. హాకై లాంటిది ఎగరనే ఎగరదు, కాబట్టి రాడార్‌ను హెలికాప్టర్‌కు తగిలించాలి. హెలికాప్టర్ అంత ఎత్తుకు పోలేదు, అంతసేపు నిలవలేదు. రెండు వాహక నౌకలను పట్టికలో ఒకే గడిలో వేసి 'రెండు' అని రాయడం ఎందుకు కుదరదో ఇక్కడ తెలుస్తుంది.

దిగడం సంగతి మరీ విచిత్రం. డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తాళ్లలో ఒకదాన్ని విమానం తోక కింది కొక్కెం అందుకోవాలి. చక్రాలు డెక్‌ను తాకిన క్షణాన పైలట్ వేగం తగ్గిస్తాడని ఎవరైనా అనుకుంటారు. అతను చేసేది సరిగ్గా దానికి విరుద్ధం. ఇంజన్ శక్తిని నిండుగా పెంచేస్తాడు. కొక్కెం తాడును అందుకోకపోతే ముందున్నది సముద్రమే, మళ్లీ పైకి లేవడానికి ఆ శక్తి కావాలి. తాడు చిక్కిందా, గర్జిస్తున్న ఇంజన్‌తో సహా విమానాన్ని అది వంద మీటర్ల లోపే ఆపేస్తుంది. రాత్రిపూట, ఊగే డెక్ మీద, ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తారు.

వాహక నౌక చుట్టూ తిరిగే డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, కార్వెట్ల పేర్ల విషయంలో ఎవరూ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. పెద్దది డిస్ట్రాయర్, మధ్యది ఫ్రిగేట్, చిన్నది కార్వెట్ అన్నది స్థూలమైన లెక్క. టార్పెడోలు, అంటే నీటిలో దూసుకెళ్లి పేలే ఆయుధాలు, వదిలే పడవలను తరిమికొట్టడానికి 1890లలో కట్టిన చిన్న నౌకల పేరు ఇప్పుడు పది వేల టన్నుల నౌకలకు అంటింది. పేరు చాలాసార్లు రాజకీయం. జపాన్ 248 మీటర్ల పొడవున చదునైన డెక్ ఉన్న ఇజుమోను కట్టి 'హెలికాప్టర్లు మోసే డిస్ట్రాయర్' అంది. సోవియట్ యూనియన్ తన వాహక నౌకలను 'విమానాలు మోసే క్రూయిజర్లు' (క్రూయిజర్ అంటే డిస్ట్రాయర్ కన్నా పెద్ద యుద్ధనౌక) అని పిలుచుకుంది. నల్లసముద్రం నుంచి బయటికి వచ్చే జలసంధుల్లో వాహక నౌకలను కట్టడి చేసే 1936 నాటి మాంట్రో ఒప్పందాన్ని దాటడానికి ఆ పేరు పనికొచ్చింది.

ఈ నౌకల్లో చూడాల్సింది డెక్‌లోకి దిగేసి పైన మూతలు బిగించిన నిలువు అరలను. ఒక్కో అరలో ఒక్కో క్షిపణి, చిన్నరకమైతే నాలుగు పడతాయి. అమెరికా ఆర్లే బర్క్ తరగతి డిస్ట్రాయర్‌లో ఇలాంటి అరలు 90 లేదా 96. చైనా 055 రకంలో 112. అరల సంఖ్య చూసి ఊరుకుంటే మోసపోతాం. ఒకే అరలో విమానాన్ని కూల్చే క్షిపణి పెడితే నేల మీది లక్ష్యాన్ని కొట్టే క్షిపణికి చోటు పోయినట్టే. ఓడరేవు వదిలే ముందే కెప్టెన్ రేపటి యుద్ధం ఎలా ఉంటుందో ఊహించి నింపుకోవాలి. ఖాళీ అయితే నడిసముద్రంలో మళ్లీ నింపడం ఇప్పటికీ ప్రయోగాల దశలోనే ఉంది. తిరిగి రేవుకు పోవాల్సిందే. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల డ్రోన్లను, క్షిపణులను కూల్చిన నౌకలకు ఎదురైన అసలు బెంగ ఇదే. వచ్చేది చౌక డ్రోన్, దాని మీదికి పోయేది ఎన్నో రెట్లు ఖరీదైన క్షిపణి, పైగా ఒక అర ఖాళీ.

రక్షణను పొరలుగా అల్లుతారు. దూరాన విమానాలు, తర్వాత దూరశ్రేణి క్షిపణులు, ఆ తర్వాత దగ్గరివి. క్షిపణి కళ్లు కప్పడానికి గాలిలోకి చిమ్మే లోహపు తునకల మేఘాలు, రాడార్‌ను గందరగోళపరిచే ప్రసారాలు సరేసరి. అన్నీ దాటి వస్తే ఆఖరుకు ఫాలాంక్స్ లాంటి తుపాకీ. ఆరు గొట్టాలు గిర్రున తిరుగుతూ నిమిషానికి 4,500 తూటాల వేగంతో కక్కుతుంది. ఎంతో అనిపిస్తుంది కానీ దాని డ్రమ్ములో పట్టేది 1,550 తూటాలు. అంటే మొత్తం కలిపి 20 సెకన్ల కాల్పులు. 2024 జనవరి 30న ఎర్రసముద్రంలో గ్రేవ్లీ అనే అమెరికా డిస్ట్రాయర్ మీదికి వచ్చిన క్షిపణిని ఈ తుపాకీయే ఆపింది. అప్పటికి అది మైలు దూరానికి వచ్చేసింది. నౌకలోని వారికి ఆ మైలు నాలుగైదు సెకన్లు.

ఇంత చూపు ఉన్నా చూసినది ఏమిటో తెలియడం వేరే విషయం. 1988 జులై 3న అమెరికా క్రూయిజర్ విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది చనిపోయారు. అప్పట్లో ప్రపంచంలోకెల్లా మెరుగైన ఏజిస్ రాడార్ వ్యవస్థ ఆ నౌకలో ఉంది. విమానం పైకి లేస్తోందని యంత్రం నమోదు చేసిన సమాచారం చెప్పింది. కిందికి దూసుకొస్తోందని ఆ గదిలోని మనుషులు చెప్పుకున్నారు. షెఫీల్డ్ దగ్గర నమ్మకపోవడం ప్రాణం తీస్తే ఇక్కడ నమ్మడం తీసింది.

ఇక నీటి కిందకు దిగితే ఈ లెక్కలన్నీ చెల్లవు. రాడార్ తరంగాలను ఉప్పునీరు మింగేస్తుంది. వెలుతురు కొంత లోతుకే. మిగిలేది శబ్దం ఒక్కటే. అది నీటిలో సెకనుకు 1,500 మీటర్ల వేగంతో, గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా జోరుగా, చాలా దూరం పోతుంది. కానీ తిన్నగా పోదు. పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు కలిసే చోట వంగిపోతుంది. ఆ పొర కిందకు దిగిన జలాంతర్గామి చప్పుడు పైన కాస్త దూరాన ఉన్న నౌకకు వినిపించకపోవచ్చు. నౌక తనంతట తాను 'టింగ్' మని శబ్దం వదిలి ప్రతిధ్వని వినొచ్చు. చీకట్లో దివిటీ వెలిగించినట్టే అది. వెలిగించినవాడికి కనిపించేదాని కన్నా ఎంతో ఎక్కువ దూరం నుంచి అతనే ఇతరులకు కనిపిస్తాడు. అందుకే జలాంతర్గాములు ఎక్కువగా చెవులు రిక్కించి ఊరకే వింటాయి. లోపల యంత్రాలను రబ్బరు దిమ్మల మీద నిలబెడతారు. పైన ధ్వనిని పీల్చే పలకలు అతికిస్తారు. పంకా రెక్కల ఒంపు మహా రహస్యం. రేవులో ఉన్నప్పుడు కొన్నిటికి గుడ్డ కప్పి ఉంచుతారు.

డీజిల్ జలాంతర్గామి బ్యాటరీ మీద నడిచేటప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ బ్యాటరీ అయిపోగానే గాలి కోసం గొట్టం పైకెత్తాలి. గాలి అక్కర్లేని ఇంజన్లు వచ్చాక ఆ వ్యవధి రోజుల నుంచి వారాలకు పెరిగింది. 2005లో అమెరికా స్వీడన్ నుంచి గాట్లాండ్ అనే అలాంటి చిన్న జలాంతర్గామిని సిబ్బందితో సహా అద్దెకు తెచ్చుకుని తన నౌకలకు వేటలో శిక్షణ ఇచ్చుకుంది. అణు జలాంతర్గామికి తిండి తప్ప ఏ కొరతా లేదు. నెలల తరబడి లోపలే ఉంటుంది, వేగంగా పోతుంది. రియాక్టర్ పంపుల వల్ల కాస్త చప్పుడు ఎక్కువ. ఖండాంతర అణు క్షిపణులు మోసేవి వేరే జాతి. వాటి పని ఎవరి కంటా పడకుండా తిరగడమే.

జలాంతర్గామి ఏం చేయగలదో చెప్పాలంటే మళ్లీ ఫాక్‌లాండ్ దగ్గరకే పోవాలి. 1982 మే 2న బ్రిటిష్ అణు జలాంతర్గామి కాంకరర్ అర్జెంటీనా క్రూయిజర్ బెల్‌గ్రానోను ముంచింది. 323 మంది పోయారు. వాడినది రెండో ప్రపంచ యుద్ధం నాటి రకం టార్పెడో. ఆ దెబ్బతో అర్జెంటీనా వాహక నౌక తీరం దగ్గర లోతు తక్కువ నీళ్లలోకి తప్పుకుని యుద్ధం ముగిసేదాకా బయటికి రాలేదు. ఇంకెక్కడ జలాంతర్గామి ఉందోనన్న అనుమానం ఒక్కటే దాన్ని కట్టిపడేసింది. అవతలి పక్కన అర్జెంటీనా డీజిల్ జలాంతర్గామి సాన్ లూయిస్ బ్రిటిష్ నౌకల మధ్యే తిరిగింది. దాని టార్పెడోలు పనిచేయలేదు కానీ దాని కోసం వెతుకుతూ బ్రిటిష్ వారు తిమింగలాల మీద కూడా ఆయుధాలు ప్రయోగించారు. దాన్ని మాత్రం పట్టుకోలేకపోయారు.

నేటి టార్పెడో నౌకను గుద్దదు. దాని అడుగున, తాకకుండా పేలుతుంది. పేలుడు వాయువు పెద్ద బుడగై ఉబ్బి నౌక నడుమును పైకి లేపుతుంది. మరుక్షణం బుడగ కుంచించుకుపోయి నడుము కింద నీరు లేకుండా పోతుంది. తన బరువు తనకే మోయలేనిదై నౌక వెన్నెముక విరుగుతుంది. 2010 మార్చి 26న దక్షిణ కొరియా కార్వెట్ చోనాన్ ఇలా రెండు ముక్కలై 46 మంది చనిపోయారు. అది ఉత్తర కొరియా టార్పెడో అని అంతర్జాతీయ దర్యాప్తు తేల్చింది. ఉత్తర కొరియా ఒప్పుకోలేదు.

జలాంతర్గామిని వేటాడటంలో విమానానిదే పైచేయి, ఎందుకంటే దాన్ని టార్పెడో ఏమీ చేయలేదు. బోయింగ్ 737 ఒంటితో కట్టిన పోసైడాన్ లాంటివి వందకు పైగా మైక్రోఫోన్ గొట్టాలు మోసుకెళ్లి వరుసగా నీళ్లలో జారవిడుస్తాయి. ఏ గొట్టానికి ఏ శబ్దం ఎప్పుడు చేరిందో చూసి వల బిగిస్తాయి. హెలికాప్టర్ గాలిలో నిలబడి తాడు చివర సోనార్‌ను, అంటే శబ్దంతో వెతికే పరికరాన్ని, నేరుగా ఆ చల్లటి పొర కిందకే దించుతుంది. ఫ్రిగేట్ వెనుక తోకలా కిలోమీటర్ల పొడవున లాగే మైక్రోఫోన్ల తాడు సొంత ఇంజన్ల రొదకు దూరంగా ఉండి వింటుంది.

పట్టికల్లో దాదాపు కనిపించని ఆయుధం సముద్రపు మైన్, అంటే నీళ్లలో కాచుకుని ఉండి నౌక రాగానే పేలే మందుపాతర. 1988 ఏప్రిల్ 14న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా ఫ్రిగేట్ శామ్యూల్ బి. రాబర్ట్స్‌ను రెండుగా విరిచినంత పని చేసినది 1908 నాటి నమూనా మైన్. 1950లో కొరియా తీరాన వోన్సాన్ దగ్గర 3,000 మైన్లు అమెరికా మహా నౌకాదళాన్ని వారం రోజుల పాటు తీరం ఎక్కనివ్వలేదు. ఇప్పటివి లెక్క పెట్టగలవు కూడా. మొదటి ఐదు నౌకలను వదిలేసి ఆరోదాని కింద పేలేలా అమర్చవచ్చు. దారి శుభ్రమైందని నమ్మించడానికే ఆ ఐదు. వాటిని ఏరే నౌకలను అయస్కాంతానికి చిక్కకుండా చెక్కతోనో, గాజునార ప్లాస్టిక్‌తోనో కడతారు. ఎవరికీ వాటి మీద మోజు ఉండదు. బడ్జెట్‌లో మొదటి కోత పడేదీ వాటికే.

చౌక ఆయుధానికి కొత్త రూపం నల్లసముద్రంలో బయటపడింది. చెప్పుకోదగ్గ యుద్ధనౌకలు లేని ఉక్రెయిన్ 2022 ఏప్రిల్‌లో తీరం నుంచి వదిలిన నెప్ట్యూన్ క్షిపణులతో రష్యా క్రూయిజర్ మాస్క్‌వాను ముంచినట్టు ప్రకటించింది. మందుగుండు గదిలో మంటల వల్లే మునిగిందని రష్యా చెప్పుకుంది. తర్వాత పేలుడు పదార్థాలు నింపిన, మనిషి లేని వేగపు పడవల గుంపులు వచ్చాయి. నీటి మట్టానికి అంగుళాల ఎత్తున ఉండే పడవ అలల మధ్య రాడార్‌కు దొరకడం కష్టం. రష్యా నౌకలు చాలావరకు క్రిమియాలోని సెవాస్తొపోల్ రేవు వదిలి తూర్పున నొవొరొసీస్క్‌కు తరలిపోయాయి.

ఇక ఎవరూ లెక్కపెట్టని ఓడలు. అణుశక్తితో నడిచే వాహక నౌకకు కూడా విమానాలకు ఇంధనం కావాలి, బాంబులు కావాలి, వేల మందికి తిండి కావాలి. సరఫరా ఓడ, యుద్ధనౌక 50 మీటర్ల ఎడంతో పక్కపక్కన ఒకే వేగంతో గంటల తరబడి నడుస్తాయి. మధ్యలో తీగల మీద గొట్టాలు వేలాడుతుంటాయి. రెండు ఓడల నడుమ ఇరుక్కున్న నీరు వాటిని ఒకదానివైపు ఒకటి లాగుతుంది. చుక్కాని పట్టినవాడు ఒక డిగ్రీ తప్పినా ప్రమాదమే. ఆ సమయంలో రెండూ తిరగలేవు, పరుగెత్తలేవు.

1982 మే 25న అర్జెంటీనా విమానాలు మళ్లీ వచ్చి, బ్రిటిష్ వాహక నౌకలున్న గుంపు మీదికి రెండు ఎగ్జోసెట్‌లు వదిలాయి. యుద్ధనౌకలు లోహపు తునకల మేఘాలు చిమ్మి వాటిని పక్కకు తప్పించాయి. మేఘం దాటిన క్షిపణులు ఇంకో లక్ష్యం కోసం వెతికాయి. వాటికి అట్లాంటిక్ కన్వేయర్ దొరికింది. యుద్ధం కోసం అప్పటికప్పుడు తీసుకున్న సరుకు ఓడ అది. దానికి చిమ్మడానికి తునకలూ లేవు, కాల్చడానికి క్షిపణులూ లేవు. 12 మంది చనిపోయారు. సైన్యాన్ని దీవి అడ్డంగా దాటించడానికి తెచ్చిన పెద్ద చినూక్ హెలికాప్టర్లు నాలుగింటిలో మూడు అందులోనే కాలిపోయాయి. నాలుగోది ఆ సమయంలో గాలిలో ఉండబట్టి మిగిలింది. సైనికులు సామాను వీపున వేసుకుని, బురదలో, చలిలో, రాజధాని స్టాన్లీ వైపు 80 కిలోమీటర్లు నడిచి వెళ్లారు.